పండగ సెలవుల తర్వాత ఆఫీసులో ఎప్పుడు చేరడం మేలు?

పండక్కి ఊరెళ్ళడానికి మూడు నెలల ముందు నుంచే లెక్కలు వేస్తాం. తిరిగి రావడానికి మాత్రం లెక్కేమీ ఉండదు. టికెట్టు ఏ రోజుకి దొరికితే ఆ రోజు, బస్సు ఎక్కడ దింపితే అక్కడ. ఆ తర్వాత వారమంతా ఆవలిస్తూ, పని మీద మనసు పోవట్లేదని వాపోవడం. మనసు సంగతి తర్వాత చూద్దాం. హైదరాబాద్‌లో ఏ రోజు దిగుతున్నాం, ఏ రోజు సీట్లో కూర్చుంటున్నాం అన్నది తేలితే సగం బాధ అక్కడే తీరుతుంది.

ఈ ఏడాది సంక్రాంతే తీసుకోండి. 2026లో భోగి జనవరి 14, బుధవారం. కనుమ 16, శుక్రవారం. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, మనమూ కదలం. మరి సోమవారం ఆఫీసున్న వాళ్ళంతా ఏం చెయ్యాలి? 17, 18 తేదీల్లో ఒకేసారి రోడ్డెక్కాలి. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరేది, చౌటుప్పల్ నుంచి ఎల్బీనగర్ దాకా బండ్లు నత్తనడక నడిచేది అందుకే.

ఈ పరిస్థితిలో మన ముందున్న దారులు నాలుగు.

ఆదివారం రాత్రి ఎక్కి, సోమవారం నేరుగా ఆఫీసుకి

ఎక్కువమంది చేసేది ఇదే. సెలవు ఖర్చు కాదు, ఊళ్ళో ఆదివారం మధ్యాహ్నం భోజనం కూడా దక్కుతుంది. అమ్మ మొహంలో సంతోషం సరేసరి.

ఇది బాగుందా లేదా అన్నది మీ ఊరు ఎక్కడన్న దాన్ని బట్టి ఉంటుంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వాళ్ళకి ఇందులో పెద్ద కష్టమేం లేదు. రాత్రి సొంత మంచం మీద పడుకుని, హన్మకొండలో తెల్లారకముందే బస్సెక్కి ఉప్పల్‌లో దిగితే, రాయదుర్గం దాకా మెట్రో మారే పనే లేదు. ఆ లైను నేరుగా హైటెక్ సిటీ మీదుగానే పోతుంది. వీళ్ళకి మిగతా మూడు దారులూ అనవసరం.

కాకినాడ, విశాఖ, శ్రీకాకుళం వాళ్ళ కథ వేరు. లింగంపల్లి దాకా వచ్చే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కన్ఫర్మ్ బెర్తు దొరికితే, ఆఫీసు ఆ చుట్టుపక్కలే అయితే, ఏదో నెట్టుకురావచ్చు. బస్సైతే ఎల్బీనగర్‌లో దిగేసరికి ఎన్నవుతుందో డ్రైవరు కూడా చెప్పలేడు. అక్కణ్ణుంచి మెట్రో ఎక్కినా అమీర్‌పేటలో మారాలి, చేతిలో రెండు సంచులు, ఒక అరిసెల డబ్బా. గదికి చేరి తాళం తీస్తే లోపల ముక్కిపోయిన వాసన. ఫ్రిజ్‌లో మర్చిపోయిన పెరుగు ప్యాకెట్టు ఉబ్బి ఉంటుంది. కుళాయి తిప్పితే బుస్సుమని గాలి. కింద మోటారు వేసేవాడు ఇంకా ఊరి నుంచి రాలేదు. ఇంతలో ఫోన్‌లో తొమ్మిదిన్నర మీటింగు గంట కొడుతుంది.

కారు సొంతంగా నడుపుకుంటూ రాత్రంతా వచ్చేవాళ్ళకి ఒక్క మాట. 17 గంటలు వరసగా మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లోనే ప్రయోగం చేసి చూపించారు. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతమే. ఆదివారం పొద్దున ఆరింటికి లేచి, బంధువులందరికీ వీడ్కోలు చెప్పి, రాత్రి పదకొండు దాటాక సూర్యాపేట దగ్గర స్టీరింగు పట్టుకుని ఉన్నవాడు ఆ లెక్కలోకే వస్తాడు. పైగా తాగినవాణ్ణి ఆపే పోలీసు ఉంటాడు గానీ, నిద్రమొహం వాణ్ణి ఆపే పోలీసు ఉండడు. పిల్లలు వెనకసీట్లో ఉన్నప్పుడు ఈ దారి వద్దే వద్దు.

శనివారం రాత్రే బయల్దేరి, ఆదివారం ఇక్కడ

ఊళ్ళో ఒకరోజు పోతుంది. "రేపు వెళ్ళొచ్చు కదరా" అన్న మాట పడాలి. దానికి బదులుగా దక్కేది ఒక పూర్తి పగలు, ఒక పూర్తి రాత్రి. ఆ రాత్రే అసలు విలువైనది.

ఊళ్ళో భోగినాడు తప్ప తెల్లారి లేచేది లేదు. పేకాట, సెకండ్ షో, అరుగు మీద కబుర్లు, పడుకునేసరికి ఒంటిగంట. ఒంట్లోని గడియారం అలా జరిగాక, దాన్ని మళ్ళీ వెనక్కి తేవడం ఒక్క రాత్రిలో కాదు. సుమారుగా రోజుకో గంట చొప్పున సర్దుకుంటుంది. ఆదివారం పొద్దున ఎలాగోలా లేచి, ఎండలో కాసేపు తిరిగి, మధ్యాహ్నం కునుకు అరగంటతో ఆపేస్తే ఆ రాత్రి కాస్త ముందుగానే నిద్ర పడుతుంది. సోమవారం మనిషిలా లేస్తాం.

ఆ పగలు పెట్టుకోవాల్సిన పనులు కూడా చిన్నవే. వాషింగ్ మెషిన్ ఒక దఫా, రైతుబజారుకెళ్ళి నాలుగు కూరలు, సందు చివర షాపులో ఇడ్లీ పిండి ప్యాకెట్టు. అంతకు మించి పెట్టుకోకండి. ఆదివారం ఉంది కదా అని పిల్లల్ని మాల్‌కి తీసుకెళ్ళేవాళ్ళని చూస్తుంటాను. దానికంటే ఊళ్ళో ఉండిపోవడమే నయం.

పెళ్ళాం పిల్లలతో ఉన్నవాళ్ళకి, బడి కూడా సోమవారమే తెరిచేవాళ్ళకి నా ఓటు దీనికే. ఇద్దరూ ఉద్యోగస్తులైతే మరీను.

ఆదివారం వచ్చి సోమవారం సెలవు పెట్టడం దీనికి అన్నలాంటిది. హాయిగా ఉంటుంది గానీ, కంపెనీ రూలు ముందు చదవండి. తెలంగాణలో కనుమ ఐచ్ఛిక సెలవే కాబట్టి చాలామంది ఆ శుక్రవారం సొంత లీవు పెట్టారు. శుక్రవారం, సోమవారం రెండూ లీవైతే మధ్యలో ఉన్న శని, ఆదివారాల్ని కూడా ఖాతాలోంచి కోసేసే శాండ్‌విచ్ పద్ధతి కొన్ని కంపెనీల్లో ఉంది. ఒకరోజు విశ్రాంతికి మూడు లీవులు పోతాయన్నమాట. కేంద్ర ప్రభుత్వోద్యోగులకి ఈ బెడద లేదు, క్యాజువల్ లీవు మధ్యలో పడ్డ ఆదివారాన్ని లెక్కించరు.

బుధ, గురువారాల్లో చేరడం

లీవులు మిగిలి ఉన్నవాళ్ళకి నా దృష్టిలో అన్నిటికంటే మెరుగైన దారి ఇదే, మొహమాటం ఒక్కటీ అడ్డు రాకపోతే. మంగళవారానికి రోడ్లు ఖాళీ, రైళ్ళలో బెర్తులు దొరుకుతాయి. గురువారం చేరితే రెండు రోజులు పని, మళ్ళీ రెండు రోజులు విశ్రాంతి. మొదటి శుక్రవారం సాయంత్రానికి అలసట వచ్చినా, అది తీరే చోటు పక్కనే ఉంటుంది. ఇంకో లాభం ఎవరూ బయటికి చెప్పరు: సోమవారం కొంపలు మునిగేంత అర్జెంటని వచ్చిన మెయిళ్ళలో సగం, గురువారానికి వాటంతటవే తేలిపోయి ఉంటాయి.

దీనికి పరిశోధన బలం కూడా కొంత ఉంది. నెదర్లాండ్స్ ఉద్యోగుల మీద చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సుదీర్ఘ సెలవుల్లో మనిషి హుషారు ఎనిమిదో రోజుకి శిఖరానికి చేరిందనీ, పనిలో చేరిన మొదటి వారంలోనే మళ్ళీ మామూలు స్థాయికి దిగిపోయిందనీ తేలింది. వాళ్ళు చూసింది రెండు వారాలు దాటిన సెలవులు, మన ఆరు రోజుల సంక్రాంతికి ఆ ఎనిమిదో రోజు లెక్క నేరుగా అతకదు. రెండో సగం మాత్రం ఆలోచించదగ్గది. మొదటి వారంలోనే ఆవిరయ్యేదాన్ని కాపాడుకోవాలంటే, ఊళ్ళో ఇంకో పూట ఉండటం కన్నా ఆ వారాన్నే చిన్నది చేసుకోవడం తెలివి.

చిక్కల్లా టీమ్‌తోనే. అందరూ సోమవారం వచ్చి మీ పని కూడా మోస్తుంటే మీరు గురువారం అరిసెల డబ్బాతో ప్రత్యక్షమవడం ఏడాదికోసారి చెల్లుతుంది. ప్రతి పండక్కీ చెల్లదు. బ్యాంకుల్లో, అకౌంట్స్‌లో ఉన్నవాళ్ళకి మార్చి ఆఖరులో ఉగాది పడినప్పుడు ఈ ఊసే ఎత్తకూడదు.

ఊరి నుంచే వర్క్ ఫ్రమ్ హోమ్

వినడానికి అన్నిటికంటే తియ్యగా ఉండేది, చేశాక అన్నిటికంటే చేదుగా ఉండేది ఇది. డాబా మీద ఒక మూల సిగ్నల్ రెండు గీతలు, ఒళ్ళో ల్యాప్‌టాప్, స్క్రీన్ మీద ఎండ. క్లయింటు మాట్లాడుతుండగా కింద నుంచి పెద్దమ్మ, "ఏరా, ఇంకా అయిపోలేదా నీ ఫోను, అన్నం చల్లారిపోతోంది!" మ్యూట్ నొక్కేలోపు అటువైపు అందరూ వినేశారు. పని సరిగ్గా జరగదు, పెద్దమ్మతో కూర్చున్నదీ ఉండదు.

ఒక్క సందర్భంలో ఒప్పుకుంటాను. ఇంట్లో ఫైబర్ కనెక్షను, తలుపు వేసుకునే గది ఉండి, ఆదివారం రద్దీ తప్పించుకుని మంగళవారం రావడానికే వాడుకుంటే సరే. మేనేజర్‌కి ముందే చెప్పి, రెండు రోజులకే పరిమితం చెయ్యండి. దీన్ని సెలవు పొడిగింపు అనుకుంటే రెండూ చెడతాయి.

చేరిన రోజు

ఏ రోజు చేరినా మొదటి గంట గురించి కొంచెం చెప్పాలి. మెయిళ్ళు పాతదాంతో మొదలుపెట్టి వరసగా చదివేవాళ్ళున్నారు, ముందు పక్క సీటు వాణ్ణి టీకి లాక్కెళ్ళేవాళ్ళున్నారు. నేను రెండో పక్షం. పావుగంట టీలో ఏది ముగిసిందో, ఏది మండుతోందో తెలిసిపోతుంది. తర్వాత మెయిళ్ళు కొత్తవాటి నుంచి వెనక్కి చదివితే, ఆఖరి జవాబు కిందే పాత కథంతా ఉంటుంది కాబట్టి ముప్పై చదవాల్సిన చోట ఒకటి సరిపోతుంది. సెలవులో ఉన్నానని వెళ్ళే ఆటోమేటిక్ జవాబులో తిరిగొచ్చే తేదీని ఒకరోజు ఆలస్యంగా పెట్టండి. మధ్యాహ్నం దాకా మీటింగులు ఒప్పుకోకండి. సకినాల డబ్బా మాత్రం పొద్దున్నే ప్యాంట్రీలో తెరవాలి, సాయంత్రానికి అడిగేవాడుండడు.

వచ్చే ఏడాది లెక్క ఇంకా ఇరుకు. 2027లో సంక్రాంతి జనవరి 15, శుక్రవారం. కనుమ శనివారం పడుతోంది. కాకి కదలని రోజు పోగా మిగిలేది 17, ఆదివారం ఒక్కటే. అంటే శనివారం రాత్రే కదిలే ఆ రెండో దారి కావాలంటే కనుమనాడే బయల్దేరాలి, లేదా సోమ, మంగళవారాలకి లీవు పెట్టుకోవాలి. రైలు రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. 19వ తేదీ, మంగళవారం తిరుగు టికెట్టు కావాలంటే నవంబరు మూడో వారంలో పొద్దున ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చోండి. లీవు మెయిలు అంతకంటే ముందే పంపండి, టీమ్‌లో ఇంకెవరో అదే వారం అడిగేలోపు.