ఫ్లాట్‌కి హీట్ మీటర్ కొనేటప్పుడు: నా ఓటు అల్ట్రాసోనిక్‌కే

సెంట్రల్ హీటింగ్ ఉన్న బిల్డింగ్‌లో ఏ ఫ్లాట్ ఎంత వేడి వాడిందో కొలిచే హీట్ మీటర్ ఫ్లాట్‌కొకటి పెట్టిస్తుంటే అల్ట్రాసోనిక్, అంటే నీళ్ల ఫ్లోని శబ్ద తరంగాలతో కొలిచే రకం, తీసుకోండి. లోపల తిరిగే చక్రం ఉండదు కాబట్టి పాత పైపుల తుప్పుకి పట్టేసే భయం తక్కువ, మెకానికల్ రకం చవకే గానీ నీళ్లు మురికిగా ఉంటే చక్రం బిగుసుకుని రీడింగ్ తగ్గిపోతుంది, ముందు ఫిల్టర్ పెట్టక తప్పదు.

నేను వాడుతున్నదాంట్లో బటన్ నొక్కుతూ పోతే కిలోవాట్ అవర్లు, ఫ్లో, వెళ్లే నీళ్ల టెంపరేచర్, తిరిగొచ్చే నీళ్ల టెంపరేచర్, తేడా ఒక్కోటిగా వస్తాయి, చాలా బాగా నచ్చింది. వెయ్యి లీటర్లు 20 డిగ్రీలు చల్లారితే దాదాపు 23 కిలోవాట్ అవర్లు, మీరే లెక్క చూసుకోవచ్చు. అంతా ఆ తేడా మీదే నడుస్తుంది కదా, అందుకే రెండు టెంపరేచర్ సెన్సర్లూ జతగా క్యాలిబ్రేట్ చేసినవే ఉండాలి, ఒకటి పోతే దాన్నొక్కదాన్నే మారుస్తాం అంటే అస్సలు ఒప్పుకోకండి.

చాలామంది పైపు సైజు చూసి ఆర్డర్ పెట్టేస్తారు, అలా కాదండీ, ఫ్లో చూడాలి. మామూలు ఫ్లాట్‌కి గంటకి 0.6 లేదా 1.5 క్యూబిక్ మీటర్లది సరిపోతుంది, మరీ పెద్దది పెడితే తక్కువ ఫ్లోలో సరిగ్గా కొలవదు. మీటర్ పెట్టేది సప్లై పైపుకా (వేడి నీళ్లు వచ్చేది) రిటర్న్ పైపుకా (చల్లారి తిరిగెళ్లేది) అన్నది కూడా ముందే చెప్పండి, వేడిని బట్టి నీళ్ల సాంద్రత మారుతుంది, మీటర్ దాని ప్రకారమే లెక్క కడుతుంది.

ఈఎన్ 1434 (హీట్ మీటర్లకి యూరప్ ప్రమాణం) మార్కింగ్ ఉందో లేదో చూడండి. నచ్చనిదల్లా రేడియో మాడ్యూల్ విడిగా కొనాల్సి రావడం, అది లేకపోతే రీడింగ్ కోసం ఇంటింటికీ తిరగాలి.