8 అంగుళాల డాబ్సోనియన్, మూడు ఐపీస్‌లు: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

నా దగ్గరున్నది 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్. అద్దం వ్యాసం 203 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి వెలుగు ఒకచోట కూడే దూరం) 1200 మిల్లీమీటర్లు, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఎఫ్/5.9. కొన్న కొత్తలో రాసి ఉంటే ఈ సమీక్ష సగం అద్దం గురించే ఉండేది. ఏళ్ల తరబడి వాడాక మాత్రం ఐపీస్‌ల గురించే, అంటే కన్ను పెట్టి చూసే లెన్సుల గురించే ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. అద్దం ఎంత వెలుగు పోగుచేసినా అది కంటిదాకా వచ్చేది ఐపీస్ గుండానే కదా. చాలామంది బడ్జెట్ మొత్తం ట్యూబు మీద పెట్టేసి, డబ్బాలో వచ్చిన రెండు ఐపీస్‌లతోనే ఏళ్లు గడిపేస్తారు. మంచి అద్దం ఉండి కూడా అది చూపించగలిగినదంతా చూడలేకపోవడం నాకు నిజంగా బాధనిపిస్తుంది.

ముందు టెలిస్కోప్ సంగతి. న్యూటన్ తరహా అద్దాల టెలిస్కోప్‌ని నేలమీద తిరిగే చెక్క బేసులో కూర్చోబెడితే అదే డాబ్సోనియన్. పైకీ కిందకీ, పక్కలకీ చేత్తో తోయడమే, మామూలుగా మోటార్లు ఉండవు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ డాబ్సన్ 1960లలో ఈ పద్ధతిని జనంలోకి తెచ్చాడు. పెట్టిన డబ్బు స్టాండుకి కాకుండా అద్దానికి పోతుందన్నదే దీని బలం. చీకట్లో బాగా విప్పారిన కంటిపాప 7 మిల్లీమీటర్లు అనుకుంటే, ఈ అద్దం దానికి 800 రెట్లకు పైగా వెలుగు పోగుచేస్తుంది. 70 మిల్లీమీటర్ల లెన్సు టెలిస్కోప్ 100 రెట్ల దగ్గరే ఆగిపోతుంది. చంద్రుడి మీద ఈ తేడా అంతగా తెలియదు. హెర్క్యులిస్ రాశిలోని ఎం13 నక్షత్ర గుచ్ఛం మీదకి తిప్పితే తెలుస్తుంది. చిన్న టెలిస్కోప్‌లో మసక ఉండలా ఉండేది ఇందులో అంచుల నుంచి లోపలిదాకా విడివిడి చుక్కలుగా విచ్చుకుంటుంది.

కొన్ని చిన్న టెలిస్కోప్‌ల డబ్బాల మీద 525 రెట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దయచేసి ఆ అంకె చూసి కొనకండి. అద్దం లేదా లెన్సు వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతుందో దానికి రెట్టింపు వరకే ఉపయోగపడే మాగ్నిఫికేషన్, అదీ గాలి పూర్తిగా నిలకడగా ఉన్నప్పుడు. నా లెక్కన అది 400. కానీ మామూలు రాత్రుల్లో 200 దాటితే గ్రహం పెద్దదవుతుంది తప్ప వివరం పెరగదు.

10 అంగుళాలది తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. దానికి వెలుగు ఒకటిన్నర రెట్లు వస్తుంది, కాదనను. నా 8 అంగుళాలదాన్ని ట్యూబు ఒకసారి, బేసు ఒకసారి ఒక్కడినే మోసుకెళ్లి ఐదు నిమిషాల్లో పెట్టేస్తాను. అలసిపోయి వచ్చిన రాత్రి కూడా బయటికి తీయాలనిపించే బరువు ఇదే. నా ఓటు 8కే.

ఈ టెలిస్కోప్‌కి రెండు అలవాట్లు కావాలి. ఒకటి, చూడబోయే ముందు అరగంట నుంచి ముప్పావుగంట బయట పెట్టి అద్దాన్ని చల్లారనివ్వడం. ఇంట్లోంచి తెచ్చిన అద్దం బయటి గాలి కన్నా వెచ్చగా ఉంటుంది, ట్యూబులో వేడిగాలి లేస్తుంది, గురుడి మీద పట్టీలు కరిగిపోయినట్టు కనిపిస్తాయి. రెండోది కాలిమేషన్, అంటే రెండు అద్దాలనూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా నిలపడం. దీనికోసం డబ్బాలో వచ్చిన లేజర్‌నే నమ్ముకుంటే కష్టం, ఎందుకంటే ఆ లేజరే వంకరగా ఉండొచ్చు. ఫోకసర్‌లో, అంటే ఐపీస్ పెట్టే గొట్టంలో పెట్టి దాన్ని మెల్లగా తిప్పండి. చుక్క ఒకచోట నిలవకుండా అద్దం మీద గుండ్రంగా తిరిగితే లేజర్‌లోనే తేడా ఉన్నట్టు. నాకు వచ్చినది అలాగే తిరిగింది. దాన్ని పక్కన పెట్టి, బ్యాటరీ అక్కర్లేని చెషైర్ అనే చూపు గొట్టం వాడుతున్నాను.

చివరి పరీక్ష నక్షత్రమే. ధ్రువ నక్షత్రం దాదాపు కదలదు కాబట్టి దీనికి అదే సుఖం. 200 రెట్ల దగ్గర దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టి, ఫోకస్ కాస్త తప్పించండి. చుక్క ఒకదానిలో ఒకటి ఇమిడిన వెలుగు వలయాలుగా విచ్చుకుంటుంది, నడుమ చిన్న అద్దం నీడ నల్లగా ఉంటుంది. నీడ ఒక పక్కకి జరిగి ఉంటే పెద్ద అద్దం వెనక మరను కొంచెం తిప్పాలి. తిప్పగానే నక్షత్రం పక్కకి పోతుంది. మళ్లీ మధ్యకి తెచ్చాకే చూడాలి, లేకపోతే పరీక్షకి అర్థం ఉండదు. లైరా రాశిలో అభిజిత్ నక్షత్రం పక్కన ఎప్సిలాన్ అనే జంట ఉంది. ఆ జంటలో ఒక్కోటీ మళ్లీ జంటే, ఒక్కోదాని మధ్య ఎడం రెండు ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకన్) పైచిలుకు. కాలిమేషన్ కుదిరిన రోజు అవి నాలుగు చుక్కలుగా, మధ్యలో నల్లటి సందుతో తేటగా కనిపిస్తాయి. కుదరని రోజు రెండు కోడిగుడ్లలా ఉంటాయి.

ఇక ఐపీస్‌లు. లెక్క తేలిక. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే మాగ్నిఫికేషన్. ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే ఎగ్జిట్ ప్యూపిల్, అంటే ఐపీస్ నుంచి బయటికొచ్చే వెలుగు కట్ట వ్యాసం. ఈ రెండో అంకెను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేను ఐపీస్ ఎంచుకునేది దాన్ని చూసే.

ఫోకసర్‌లో ఎక్కువకాలం ఉండే ఐపీస్ ఏదంటే, నాకు 13 మిల్లీమీటర్లది, 82 డిగ్రీల చూపున్నది, అంటే కన్ను పెడితే అంత వెడల్పుగా దృశ్యం పరుచుకునేది. నా టెలిస్కోప్‌లో 92 రెట్లు, ఎగ్జిట్ ప్యూపిల్ 2.2 మిల్లీమీటర్లు. ఆకాశపు నేపథ్యం నల్లబడి, మసక గెలాక్సీలు దానిలోంచి తేలేది ఈ కొలత దగ్గరే. తక్కువ మాగ్నిఫికేషన్‌లో ఆకాశం కూడా బూడిదరంగుగా వెలుగుతూ వాటిని మింగేస్తుంది. బాగా పెంచితే అవి పల్చబడి మాయమవుతాయి. లైరాలోని ఎం57 ఇందులో చిన్న పొగవలయంలా, మధ్యలో బోలుగా స్పష్టంగా ఉంటుంది. ఓరియన్ నెబ్యులా రెక్కలు విప్పి కళ్లనిండా పరుచుకుంటుంది, దాని గుండెలో ట్రపీజియం నాలుగు చుక్కలూ గుచ్చినట్టు నిలుస్తాయి. ఫొటోల్లో ఉండే ఎరుపు కనబడదు. లేత ఆకుపచ్చ కలిసిన బూడిదరంగే. అయినా ఆ వెలుగు నేరుగా మన కంట్లో పడుతోందన్న సంతోషం ఏ ఫొటోలోనూ నాకు దొరకలేదు.

ఇంత వెడల్పు చూపు ఎందుకు, 50 డిగ్రీల ప్లాసెల్ అనే మామూలు రకం ఐపీస్ చాలదా అంటే, మోటారు లేని టెలిస్కోప్‌కి చాలదనే నేనంటాను. భూమి తిరగడం వల్ల ఖగోళ మధ్యరేఖ దగ్గరి నక్షత్రం నిమిషానికి పావు డిగ్రీ జరుగుతుంది. 200 రెట్ల దగ్గర 50 డిగ్రీల ఐపీస్‌లో కనిపించేది, 50ని 200తో భాగిస్తే, పావు డిగ్రీ ఆకాశమే. అంటే గురుడు ఒక అంచున వచ్చి ఒక్క నిమిషంలో రెండో అంచున వెళ్లిపోతాడు. తోయగానే వచ్చే ఊపు తగ్గడానికి రెండు మూడు సెకన్లు పోతాయి. 82 డిగ్రీలదైతే నిమిషమున్నరకు పైగా దొరుకుతుంది, కన్ను నెమ్మదించి చూడ్డానికి అది పెద్ద తేడా. ఆల్ నాగ్లర్ 1980 ప్రాంతంలో టెలీవ్యూ సంస్థ ద్వారా ఈ 82 డిగ్రీల చూపును తెచ్చాడు, తర్వాత చాలా కంపెనీలు ఆ దారి పట్టాయి. నాది ఆ తర్వాత వచ్చిన మధ్యరకం ధరలోది, దానితో నాకు ఏ అసంతృప్తీ లేదు.

రెండోది 30 మిల్లీమీటర్లు, 68 డిగ్రీలు, 2 అంగుళాల బ్యారెల్ (ఫోకసర్‌లో దూరే భాగం). 40 రెట్లు, దాదాపు 1.7 డిగ్రీల ఆకాశం. ఆండ్రోమెడా గెలాక్సీ గర్భం, దాని రెండు పిల్ల గెలాక్సీలూ ఒకే చూపులో పడతాయి. కృత్తికల్లో ముఖ్యమైన చుక్కలన్నీ ఇందులో ఇముడుతాయి. వెతకడానికి కూడా ఇదే. చౌకరకం 30 మిల్లీమీటర్లవి కూడా ఉన్నాయి, కొనేముందు అంచుల్లో నక్షత్రాలు ఎలా ఉన్నాయో చూడండి. అంచు చుక్క మసకగా ఉండి, ఫోకస్ సరిచేయగానే తేటపడితే అది చూపు వంపు, పెద్ద దోషం కాదు. ఫోకస్‌కి అటూ ఇటూ తిప్పినప్పుడు గీతలా సాగి, ఆ గీత దిశ అడ్డం నిలువు మారితే అది ఐపీస్‌లోని ఆస్టిగ్మాటిజం. చుక్కలన్నీ అంచువైపు తోకలు చాపితే అది అద్దం వల్ల వచ్చే కోమా, ఐపీస్‌ని తిట్టి లాభం లేదు. ఎఫ్/5.9 దగ్గర కోమా తక్కువే, నాకు దిద్దుబాటు లెన్సు అవసరం అనిపించలేదు.

మూడోది 6 మిల్లీమీటర్లది, 60 డిగ్రీలు, 200 రెట్లు. గ్రహాలకీ, చంద్రుడికీ. క్లేవియస్ బిలంలో వంపుగా పేర్చినట్టు ఒకదాని తర్వాత ఒకటి చిన్నవవుతూ పోయే బిలాలను ఇందులో చూడాలి. గాలి ఊగుతున్న రాత్రి దీన్ని పెట్టెలోనే ఉంచి 13 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతాను. కొత్త ఐపీస్ పదును చూడ్డానికి శని వలయాల్లోని కాసినీ సందు మంచి పరీక్ష. కానీ 2025 మార్చిలో వలయాలు మనవైపు సరిగ్గా అంచు తిప్పాయి, అవి మళ్లీ బాగా విచ్చుకునేదాకా గురుడి పట్టీలే దిక్కు.

డబ్బాతో వచ్చిన 25 మిల్లీమీటర్ల ప్లాసెల్ మంచిదే, 1860లో జార్జ్ సైమన్ ప్లాసెల్ వేసిన అమరిక ఇప్పటికీ నిలబడుతోంది. 10 మిల్లీమీటర్లదానితోనే ఇబ్బంది. ఐ రిలీఫ్, అంటే కంటికీ ఐపీస్ గాజుకీ మధ్య ఉండాల్సిన ఎడం, 7 మిల్లీమీటర్లే, కనురెప్పలు గాజుకి తగులుతాయి, కళ్లద్దాలవాళ్లకి అసలు కుదరదు. కళ్లద్దాలతో చూసేవాళ్లు 15 మిల్లీమీటర్లకి తగ్గని ఐ రిలీఫ్ ఉన్నదే తీసుకోండి. దగ్గరచూపు, దూరపుచూపు మాత్రమే ఉంటే అద్దాలు తీసేసి ఫోకస్ సరిచేసుకోవచ్చు. కంటిలోనే ఆస్టిగ్మాటిజం ఉంటేనే అద్దాలు పెట్టుకోక తప్పదు.

2 రెట్ల బార్లో, అంటే ఐపీస్ ముందు పెట్టి మాగ్నిఫికేషన్‌ని రెట్టింపు చేసే లెన్సు, కొంటే ఉన్న ఐపీస్‌లు రెట్టింపు అవుతాయన్నది నిజమే, కానీ 20, 10 రెండూ ఉన్నవాళ్లకి 20 మళ్లీ 10 అయిపోతుంది. 8 నుంచి 24 మిల్లీమీటర్ల దాకా జరిగే జూమ్ ఐపీస్ కొత్తవాళ్లకి మంచిది, ఏ కొలత తమకి నప్పుతుందో తెలుస్తుంది. 24 దగ్గర దాని చూపు ఇరుకు.

ఈ మూడూ ఉన్నాక తర్వాతి ఖర్చు ఓ-3 ఫిల్టర్ మీద పెట్టమంటాను. ఆక్సిజన్ ఇచ్చే 496, 501 నానోమీటర్ల వెలుగును మాత్రం లోపలికి వదిలి మిగతాది ఆపేస్తుంది. ఫిల్టర్ లేకుండా సిగ్నస్‌లోని వీల్ నెబ్యులా ఉందా లేదా అన్నట్టుంటుంది. ఫిల్టర్ బిగించి 30 మిల్లీమీటర్లతో చూస్తే పోగులు పోగులుగా అల్లుకుపోయి కనిపిస్తుంది. గెలాక్సీలకీ, గుచ్ఛాలకీ ఇది పనికిరాదు. 2 అంగుళాలదే తీసుకోండి. దాన్ని 1.25 అంగుళాల అడాప్టర్ కింది అంచుకి బిగిస్తే చిన్న ఐపీస్‌లకీ అదే సరిపోతుంది. మీ అడాప్టర్‌కి అక్కడ మర ఉందో లేదో మాత్రం కొనేముందే చూసుకోండి.