కీళ్లవాతం ఉన్న అమ్మకు తిరుపతిలో రేడియేషన్: మా అనుభవం

మా అమ్మకు 12 ఏళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. ఎడమ రొమ్ములోని కేన్సర్ గడ్డను తీసిన తరువాత రేడియేషన్, మా చిత్తూరు వైపు మాటలో చెప్పాలంటే కరెంటు, పెట్టించాలన్నారు. మొదట చూపించిన ఆసుపత్రిలో, ఇలాంటి ఆటోఇమ్యూన్ జబ్బు (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉన్నవారికి అది పనికిరాదని ఒక్క మాటలో తేల్చేశారు. ఆ తరువాత తిరుపతిలో మేము వెళ్లిన రేడియేషన్ విభాగం గురించి ఈ సమీక్ష.

అక్కడి డాక్టరుగారు అమ్మ పాత కాగితాలన్నీ తిరగేసి, అదే కోవకు చెందిన స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు) గానీ, ఉధృతంగా ఉన్న లూపస్ (చర్మం, కీళ్లు, లోపలి అవయవాలను దెబ్బతీసే జబ్బు) గానీ ఉంటే కణజాలం తరువాత గట్టిపడే ప్రమాదం ఎక్కువ కనుక చాలా వెనకాడతామనీ, రుమటాయిడ్ అదుపులో ఉన్నవారిలో ఎక్కువమంది మిగతా రోగుల్లాగే తట్టుకుంటారనీ ఓపికగా చెప్పారు. కీళ్ల డాక్టరుగారితో మాట్లాడిన తరువాతే కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ మందును రేడియేషన్ పూర్తయ్యేదాకా ఆపించారు. స్టెరాయిడ్ మాత్రను మాత్రం సొంతంగా మానేయవద్దని గట్టిగా హెచ్చరించారు.

మేము ఊహించని కష్టం భుజాల దగ్గర వచ్చింది. రెండు చేతులూ తలపైకి ఎత్తి కదలకుండా పడుకోవాలి. అమ్మ చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. టెక్నీషియన్లు విసుక్కోకుండా రేడియేషన్‌కు ముందు కొలతల కోసం తీసే సీటీ స్కాన్‌ను వారం వాయిదా వేసి, ఫిజియోథెరపీ చేయించి, మోచేతుల కింద మెత్తలు సర్ది, అమ్మకు నొప్పి లేని భంగిమనే రోజూ వాడారు. ఆ ఓపికకు నేను ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే.

మూడు వారాలలో 15 విడతలుగా మొత్తం 40 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చారు. గుండె రేడియేషన్ దారి నుంచి పక్కకు తగ్గేలా ఊపిరి బిగపట్టించారు. రెండో వారంలో వేళ్ల కీళ్లు వాచాయి. ఆ సాయంత్రమే కీళ్ల డాక్టరుగారికి ఫోన్ చేసి మందు సర్దారు. చర్మం ఎర్రబడి, చికిత్స ముగిసిన పది రోజులకు మరింత మండి, తరువాత తగ్గింది. పసుపు, పౌడరు పూయవద్దని ముందే చెప్పడం మేలు చేసింది.

లోపం ఒకటి ఉంది. నమోదు పత్రంలో షుగరు, బీపీ అడిగారు గానీ కీళ్లవాతం, లూపస్ వంటి వాటికి గడి లేదు. మేమే చెప్పాం కాబట్టి తెలిసింది. చెప్పడం తోచనివారి సంగతి ఏమిటని అడిగాను, కౌంటరులో జవాబు రాలేదు.

ఎనిమిది నెలలైంది. ప్రతిసారీ డాక్టరుగారు రొమ్మును తడిమి, ఎక్కడైనా గట్టిపడుతోందేమో చూస్తున్నారు. ఆలస్యంగా వచ్చే మార్పులు ఏళ్ల తరువాత కూడా కనబడవచ్చు కనుక ఈ సమీక్షలో ఆ భాగం ఇంకా మిగిలే ఉంది.