జాగ్రత్త: ఏ ఏడాది బండో తేలకుండా డీలర్‌తో రేటు మాట్లాడకండి

కారు కొనే పనిలో ఉన్నవాళ్లకి ఇది రాస్తున్నాను. ఏడాది చివర్లో గానీ, కొత్త ఏడాది మొదట్లో గానీ షోరూమ్‌కి వెళ్లేవాళ్లు ముఖ్యంగా చదవండి. ఒక డీలర్ ఈ ఏడాది బండి అని చెప్పి నా దగ్గర బుకింగ్ డబ్బు కట్టించుకున్నాడు. తీరా ఇవ్వబోయింది కిందటి ఏడాది తయారైన బండి. చాసిస్ నంబర్ అడిగాను కాబట్టి విషయం బయటపడింది. కట్టిన డబ్బు వెనక్కి రప్పించుకోవడానికి మాత్రం తిప్పలు తప్పలేదు. డీలర్ పేరు రాయడం లేదు. ఇది ఆ ఒక్క షోరూమ్‌లో మాత్రమే నడిచే తంతు కాదని తర్వాత అర్థమైంది.

అప్పటికే ఆ కారుకి ఫేస్‌లిఫ్ట్ వచ్చింది. ముందు బంపర్, లైట్లు మారడంతో పాటు పై వేరియంట్‌లో లోపల కొన్ని సదుపాయాలు కూడా పెరిగాయి. నాకు కావాల్సిన కింది వేరియంట్‌లో మాత్రం బయటికి పెద్ద తేడా కనిపించదు. ఆట అంతా అక్కడే ఆడారు. కొటేషన్‌లో మోడల్ ఉంది, వేరియంట్ ఉంది, రంగు ఉంది, ఏడాది లేదు. అదే అడిగితే సేల్స్ అబ్బాయి నవ్వి, "ఇప్పుడు కొంటున్నారంటే ఈ ఏడాది బండే కదా సార్" అన్నాడు. డిస్కౌంట్ కూడా వేరే షోరూమ్‌ల కన్నా బాగానే ఇచ్చాడు. మామూలుగా రూపాయి రూపాయికీ గింజుకునే మనిషి అంత సులువుగా దిగొచ్చాడంటే దానికో కారణం ఉంటుంది.

బుకింగ్ అయ్యాక చాసిస్ నంబర్ అడిగాను. బిల్లు అయితే గానీ అలాట్ కాదన్నారు. ఆ తర్వాత సిస్టమ్ పనిచేయడం లేదన్నారు. బండి యార్డులో ఉందని వాళ్లే చెప్పారు, కాబట్టి యార్డుకే వెళ్లి చూస్తానన్నాను. అప్పుడు ఇచ్చారు. ఆ నంబర్‌ని బట్టీ, డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద కనిపించే ప్లేట్‌ని బట్టీ అది కిందటి ఏడాది మధ్యలో తయారైన, ఫేస్‌లిఫ్ట్‌కి ముందటి బండి అని తేలింది. మేనేజర్‌ని నిలదీస్తే ఏమాత్రం తడుముకోకుండా, "రిజిస్ట్రేషన్ ఈ ఏడాదే అవుతుంది సార్, పేపర్ల మీద ఇది ఈ ఏడాది బండే" అన్నాడు.

ఈ మాట దగ్గర చాలామంది మెత్తబడిపోతారు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఒకే కారుకి మూడు వేర్వేరు సంవత్సరాలు ఉండొచ్చు. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన సంవత్సరం ఒకటి. కంపెనీ ఏ సంవత్సరం మోడల్‌గా లెక్కేసింది అన్నది రెండోది. రిజిస్టర్ అయిన సంవత్సరం మూడోది. అమెరికా రూల్స్ ప్రకారం రాబోయే ఏడాది మోడల్‌ని అంతకు ముందు ఏడాది జనవరి 2 నుంచే తయారు చేసి అమ్మొచ్చు. అందుకే అక్కడ బండి తయారైన ఏడాదీ మోడల్ ఏడాదీ ఒకటి కాకపోవడం మామూలు విషయం, అందులో మోసం లేదు. ఈ మూడింటిలో తనకి లాభమైనదాన్ని మాత్రమే చూపించి మిగతా రెండూ దాచేస్తే అది మోసం. రేపు మీరు ఆ కారు అమ్మబోతే, తెలిసిన కొనుగోలుదారు ముందు తయారీ తేదీయే చూస్తాడు. రిజిస్ట్రేషన్ ఏడాది చెప్పి అతన్ని ఒప్పించడం కష్టం.

ఏటా మోడల్ మార్చి, పాతది పాతబడిపోయిందని కొనేవాడికి అనిపించేలా చేసే పద్ధతి 1920లలో అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌లో, దాని అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ హయాంలో ఊపందుకుంది. అంటే కొత్త ఏడాది మీద మన మోజు కూడా కొంతవరకు అమ్మేవాళ్లు నేర్పిందే. కాబట్టి కిందటి ఏడాది బండి అనగానే ఛీ అనుకోనక్కర్లేదు. నా కోపం పాత బండి అమ్మినందుకు కాదు, పాత బండిని కొత్తదని చెప్పి అమ్మబోయినందుకు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, దానికి తగ్గ రేటు ఇచ్చి ఉంటే బహుశా కొనేవాడినేమో.

తగ్గ రేటు అంటే ఎంత? నేను వేసుకునే లెక్క ఇది. కారు వెల 100 అనుకోండి. లెక్క సులువుగా ఉండడానికి ఏడాదికి 15 శాతం చొప్పున విలువ తగ్గుతుందనుకుందాం. నిజానికి మొదటి ఏడాది ఇంకా ఎక్కువే పోతుంది. మూడేళ్లకి దాని విలువ 61, నాలుగేళ్లకి 52. మీరు మూడేళ్లు వాడి అమ్మితే కొనేవాడు దాన్ని నాలుగేళ్ల బండిగానే చూస్తాడు. అంటే మీకు 9 పోయినట్టే. అదే ఎనిమిదేళ్లు ఉంచుకుంటే 27కీ 23కీ మధ్య తేడా 4 మాత్రమే. కాబట్టి తరచూ బండి మార్చేవాళ్లు పాత స్టాక్ మీద కనీసం 9, 10 శాతం అదనంగా తగ్గించమని అడగాలి. చాలా ఏళ్లు వాడేవాళ్లకి అందులో సగం తగ్గించినా గిట్టుబాటవుతుంది. నాకు ఇచ్చిన "మంచి డిస్కౌంట్" ఈ లెక్కకి దరిదాపుల్లో కూడా లేదు. కొత్త ఏడాది బండి మీద ఎంత తగ్గిస్తారో తెలుసుకుని, దాని మీద అదనంగా ఎంత ఇస్తున్నారో చూడాలి. మొత్తం డిస్కౌంట్ అంకె చూసి మురిసిపోతే లాభం లేదు.

కొత్త ఏడాది బండి అన్నిసార్లూ మెరుగ్గా ఉంటుందనీ లేదు. 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు చాలా కంపెనీలు వైర్‌లెస్ ఛార్జింగ్, సీటు హీటర్ లాంటి సదుపాయాలు తీసేసి బండ్లు పంపాయి. అప్పుడు కిందటి ఏడాది బండి కొన్నవాళ్లే మేలు. పూర్తిగా కొత్త డిజైన్‌తో వచ్చిన కారు మొదటి ఏడాదిలో చిన్నాచితకా లోపాలు బయటపడుతూ ఉంటాయి. అదే డిజైన్ చివరి ఏడాదికి వచ్చేసరికి చాలావరకు సరిచేసి ఉంటారు. అందుకని రెండు ఏడాదుల బ్రోచర్లూ పక్కపక్కన పెట్టి ఒక్కో వరుస చదవండి. ఎయిర్‌బ్యాగులు, బ్రేకులు, టైరు సైజు, ఇంజిన్ ఏ కాలుష్య ప్రమాణానికి చెందింది అన్నవి ముందు చూడండి, స్క్రీన్ సైజు తర్వాత. కారుని గుద్దించి పరీక్షించి ఇచ్చే భద్రత స్టార్ల విషయంలో ఏ ఏడాది పరీక్షించారో కూడా చూడాలి. పరీక్షలు కొన్నేళ్లకోసారి కఠినమవుతాయి. అందుకే పాత అయిదు స్టార్లూ కొత్త అయిదు స్టార్లూ సమానం కావు.

పాత స్టాక్‌తో ఇంకో చిక్కుంది, బండి నిలబడి ఉండడం. నెలల తరబడి కదలకుండా ఉన్న కారులో బ్యాటరీ దెబ్బతింటుంది. బరువంతా ఒకేచోట పడి టైర్లు చదును తేలతాయి. బ్రేక్ డిస్కులకి తుప్పు పడుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. ఎలుకలు వైర్లు కొరికిన బండ్లు కూడా ఉంటాయి. కొనాలనుకుంటే బ్యాటరీ మార్చమనీ, బ్రేక్ ఆయిల్ మార్చమనీ డెలివరీకి ముందే అడగండి, వాళ్ల ఖర్చుతోనే. వారంటీ మీ పేరున బిల్లయిన రోజు నుంచి మొదలవుతుందో లేదో కాగితం మీద చూసుకోండి. డెమో కోసం వాడిన బండి అయితే వారంటీ ఎప్పుడో మొదలై ఉండొచ్చు.

తయారీ ఏడాది ఎలా పట్టుకోవాలి? చాసిస్ నంబర్‌లో అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉంటాయి. ఒకటి, సున్నాలతో పొరబడకుండా అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అమెరికా, కెనడాల్లో పదో స్థానం మోడల్ సంవత్సరాన్ని చెప్తుంది. ఆర్ ఉంటే 2024, ఎస్ అయితే 2025, టి అయితే 2026. ఇతర దేశాల్లో కూడా చాలా కంపెనీలు ఇదే పాటిస్తాయి. కొన్ని మాత్రం పాటించవు, నెలనీ సంవత్సరాన్నీ వేరే స్థానాల్లో పెడతాయి. అందుకే ఆ ఒక్క అక్షరం చూసి డీలర్‌తో గొడవకి దిగొద్దు. ఆ కంపెనీ పద్ధతి ఏంటో కనుక్కోండి, తలుపు స్తంభం మీది ప్లేట్ చూడండి, ఆ తర్వాత టైర్లు చూడండి. టైరు పక్క గోడ మీద చిన్న చట్రంలో నాలుగు అంకెలు ఉంటాయి. 4123 అంటే 2023లో 41వ వారం. స్టెప్నీతో కలిపి అన్నీ చూడాలి. కారు తయారైన తేదీ కన్నా టైరు తేదీ తర్వాతిదైతే, దాన్ని మధ్యలో ఎవరో మార్చారన్నమాట. ఎందుకు మార్చారో అడగండి. అద్దాల మీద, సీట్ బెల్ట్ కింది ట్యాగ్ మీద కూడా సాధారణంగా తేదీ గుర్తులు ఉంటాయి. అన్నీ ఒకే కాలానికి చెందినవిగా ఉండాలి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఏడాది మరీ ముఖ్యం. టకాటా అనే జపాన్ కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల్లో లోపం బయటపడి, ప్రపంచవ్యాప్తంగా సుమారు 10 కోట్ల ఎయిర్‌బ్యాగుల్ని కార్ల కంపెనీలు వెనక్కి పిలిచాయి (దీన్నే రీకాల్ అంటారు). అందులో ఒకే మోడల్‌లో కొన్ని ఏళ్ల బండ్లు ఉంటే, మిగతా ఏళ్లవి లేవు. కాబట్టి మీరు కొనబోయే బండి చాసిస్ నంబర్ మీద రీకాల్ ఏమైనా మిగిలి ఉందో లేదో కంపెనీ దగ్గరే కనుక్కోండి, అమ్మేవాడి మాట మీద వదిలేయకండి.

ఇక బేరం. ఏడాది తేలాక డీలర్ మన దృష్టిని రేటు మీద నుంచి నెల వాయిదా మీదకి మళ్లిస్తాడు. నాకూ అదే జరిగింది. పాత బండి సంగతి బయటపడ్డాక మేనేజర్ రేటు తగ్గించలేదు, "నెలకి ఎంతైతే మీకు టెన్షన్ ఉండదు సార్?" అని అడిగాడు. ఈ ప్రశ్నకి జవాబు చెప్పకండి. 100 అప్పు తీసుకుంటే, తగ్గే అసలు మీద 9 శాతం వడ్డీతో మూడేళ్లలో తీరిస్తే మొత్తం కట్టేది 114.5 వరకు ఉంటుంది. ఏడేళ్లకి సాగదీస్తే వాయిదా దాదాపు సగమవుతుంది, మొత్తం మాత్రం 135 అవుతుంది. అదే 9 శాతాన్ని "ఫ్లాట్ రేట్" అన్నారంటే ఇంకా జాగ్రత్తపడాలి. ఫ్లాట్‌లో అసలు తగ్గుతున్నా వడ్డీ మొదటి మొత్తం మీదే వేస్తారు. అయిదేళ్లకి 145 కట్టాలి, అంటే నిజంగా పడే వడ్డీ రేటు 15 శాతం పైమాటే. తగ్గే అసలు మీద అయితే అదే అయిదేళ్లకి 124.5 దగ్గర ఆగుతుంది.

కారు రేటు ముందు తేల్చండి. మీ పాత బండి ఎక్స్‌ఛేంజ్ రేటు తర్వాత, అప్పు ఆ తర్వాత. మూడూ ఒకేసారి మాట్లాడితే ఒకచోట ఇచ్చి ఇంకోచోట లాగేస్తారు, అది మనకి తెలియను కూడా తెలియదు. హ్యాండ్లింగ్ ఛార్జీలు, పెయింట్ కోటింగ్, మీరు అడగని యాక్సెసరీలు ఆన్‌రోడ్ మొత్తంలో ఎక్కడున్నాయో వరుసవారీగా రాసిమ్మనండి. ఈ ఆఫర్ ఈ రోజే అంటే నిశ్చింతగా ఇంటికి వచ్చేయండి. చాలామంది డీలర్లు స్టాక్‌ని అప్పు మీదే తెచ్చుకుంటారు, బండి నిలబడ్డ ప్రతిరోజూ వాళ్లకి వడ్డీ పడుతుంది. పాత ఏడాది బండి మీద తొందర వాళ్లకే ఎక్కువ, మీకు కాదు.

నా బుకింగ్ సంగతి చెప్తాను. రద్దు చేయమంటే ముందు కుదరదన్నారు, తర్వాత సగం పట్టుకుంటామన్నారు. ఫోన్‌లో మాట్లాడడం మానేసి అంతా మెయిల్‌లో పెట్టాను. చాసిస్ నంబర్, ప్లేట్ ఫొటో, ఏడాది గురించి సేల్స్ అబ్బాయితో నడిచిన వాట్సాప్ చాట్ జతచేసి కంపెనీ కస్టమర్ కేర్‌కి కూడా పంపాను. అప్పుడు చిన్న మొత్తం మినహాయించుకుని మిగతాది ఇచ్చారు. ఆ మినహాయింపు దేనికో ఇప్పటికీ రాతపూర్వకంగా చెప్పలేదు, అడుగుతూనే ఉన్నాను.

మీరు ఇప్పటికే బుక్ చేసి ఉంటే, మిగతా డబ్బు కట్టకముందే తయారీ నెల, ఏడాది, చాసిస్ నంబర్ బుకింగ్ ఫారం మీద రాయించుకోండి, డీలర్ సంతకం, ముద్ర వేయించుకోండి. ఇవ్వబోయే బండి దాంతో సరిపోలకపోతే రిజిస్ట్రేషన్‌కి ఒప్పుకోకండి. ఒకసారి మీ పేరున రిజిస్టర్ అయిందంటే దాన్ని వెనక్కి ఇవ్వడం చాలా కష్టం, ఆ సంగతి డీలర్‌కి బాగా తెలుసు. అందుకే రిజిస్ట్రేషన్ అంత హడావుడిగా చేయిస్తారు.