‘అద్దంలాంటి గుంటలు’ అని అమ్ముతున్న చిన్న సీఎన్‌సీ: డబ్బు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

వామనగుంటల పీటలు చేసి అమ్ముదామని రెండు నెలల క్రితం కంప్యూటర్ చెప్పిన గీతల్లో చెక్కని చెక్కే ఒక చిన్న సీఎన్‌సీ రౌటర్ కొన్నాను. 3018 అంటారే, 30 సెంటీమీటర్ల పొడవు, 18 వెడల్పు మేర చెక్కే బల్లమీది మెషిను, అది. కొరియర్‌తో కలిపి 31,000 రూపాయలు వదిలాయి. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు, వ్యవహారం ఇంకా తేలలేదు. పైగా అవే ఫొటోలతో ఇదే సరుకు నాలుగైదు పేర్లమీద కనిపిస్తోంది, ఒక పేరు చెప్తే ఇంకో పేరుమీద దొరికిపోతారు.

ప్రకటనలో టేకు ట్రే ఒకటి, అందులో గుంట చూస్తే మొహం కనపడేలా ఉంది. కింద ‘500 వాట్ల స్పిండిల్, జీరో బ్యాక్‌లాష్, త్రీడీ కార్వింగ్‌కి రెడీ’ అని. స్పిండిల్ అంటే కోసే బిట్‌ని తిప్పే మోటారు. వామనగుంటలు ఆడినవాళ్లకి తెలుసు, చింతపిక్కల్ని వేలితో ఊడ్చి ఒక్క ఊపున పైకి తియ్యాలి. గుంట వంపు ఎక్కడైనా విరిగితే పిక్క అక్కడే ఆగిపోతుంది. నాకు కావాల్సిందల్లా ఆ వంపే. మడిచే పీట కాబట్టి ఒక్కో చెక్కకి ఏడు గుంటలు, 36 మిల్లీమీటర్ల వెడల్పు, 10 లోతు.

మొదటి గుంట చెక్కి మా వీధి చివర వడ్రంగి బాబాయికి చూపించాను. బొటనవేలు పెట్టి ఒకసారి తిప్పి, ‘‘ఇది గుంట కాదురా, దిగుడుబావి’’ అన్నాడు.

మెట్లు పడటం మటుకు నా తప్పే, అది ముందే ఒప్పుకుంటాను. మొన గుండ్రంగా ఉండే బాల్‌నోస్ బిట్ ఒక గీతకీ పక్క గీతకీ మధ్య ఎంత జరుగుతుందో ఆ స్టెప్‌ఓవర్‌ని బట్టి నడుమ చిన్న గట్టు మిగులుతుంది. 3.175 మిల్లీమీటర్ల బిట్‌తో ఒక మిల్లీమీటరు జరిగితే గట్టు 0.08 మిల్లీమీటర్లు, అర మిల్లీమీటరు జరిగితే 0.02. అంటే జరుగుడు సగం చేస్తే గట్టు నాలుగో వంతుకి దిగుతుంది, టైము రెట్టింపవుతుంది. వాళ్లిచ్చిన శాంపిల్ ఫైలు ఒక మిల్లీమీటరుతో ఉంది, చూసుకోకుండా నడిపేశాను. 0.3కి తగ్గించాక గట్లు పోయాయి. ఇంతవరకూ ఎవరినీ అనడానికి లేదు.

అసలు రోగం అప్పుడే బయటపడింది. ఏడు గుంటల్లోనూ ఎడమవైపు ఒక నొక్కు, కుడివైపు ఒక నొక్కు, సరిగ్గా ఒకేచోట. గుండ్రం కాస్తా కోడిగుడ్డు అయింది. ఫోన్ చేస్తే ‘‘టేకు గట్టిది సార్, నార అడ్డం తగులుతోంది’’ అన్నారు. చెక్కని అడ్డంగా తిప్పి బిగించి మళ్లీ చెక్కాను. నార దిక్కు మారింది, నొక్కులు మాత్రం మెషినుకి ఎడమా కుడీ అక్కడే ఉన్నాయి. లోపం చెక్కలో లేదని తేలిపోయింది.

బ్యాక్‌లాష్ అంటే ఇదే. స్క్రూ తిరిగే దిశ మారినప్పుడు నట్టులో ఉన్న ఖాళీ నిండేదాకా బిట్ కదలదు. గుండ్రంగా తిరిగేటప్పుడు ఎక్స్, అంటే ఎడమా కుడీ కదలిక, దిశ మారేది ఎడమ అంచులో, కుడి అంచులో, నొక్కులు పడేదీ అక్కడే. మా పరీక్ష చాలా తేలిక: ఎడమనుంచి వచ్చి ఎక్స్ 50 దగ్గర ఒక పొట్టి గీత గీయించాను, దాని కిందే కుడినుంచి వచ్చి అదే ఎక్స్ 50 దగ్గర ఇంకోటి. రెండూ ఒకే వరసలో ఉండాలి. పక్కకి 0.4 మిల్లీమీటరు తప్పాయి, కంటికే కనిపిస్తోంది. విప్పి చూస్తే ఎక్స్‌కి ఉత్త ఇత్తడి నట్టు, ఖాళీని లాగిపట్టే స్ప్రింగ్ లేనేలేదు. ‘జీరో బ్యాక్‌లాష్’ అంటే మరి ఏం లేదనో! ఈ మెషిన్లని నడిపే జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సరిచేసే సెట్టింగు కూడా లేదు, సాఫ్ట్‌వేర్‌లో సర్దుకుంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

తర్వాత బిట్లు. సెట్‌లో వచ్చిన బాల్‌నోస్‌తో ఎండీఎఫ్ ముక్కమీద ఒకటిన్నర మిల్లీమీటరు లోతున తిన్నటి కాలువ తీశాను. బిట్ కాడా, మొనా ఒకే లావు కాబట్టి కాడని ఆ కాలువలో పడుకోబెడితే అతికినట్టు కూర్చోవాలి. ఇది అటూ ఇటూ ఊగింది. వెలుతురుకి పెట్టి చూస్తే కాలువ అడుగు బల్లపరుపుగా ఉంది, మొన కొస సరిగా గుండ్రం తియ్యలేదన్నమాట. కాలువ వెడల్పు వెర్నియర్‌తో కొలిస్తే 3.6 వచ్చింది. 3.175 బిట్‌కి అంత ఎందుకొస్తుంది? మోటారు కాడకి, బిట్‌ని బిగించి పట్టే ఈఆర్11 కాలెట్ ఉన్న గొట్టాన్ని పక్కనుంచి చిన్న మరలతో బిగించారు, అది ఓ పక్కకి ఒరిగి బిట్ ఊగుతూ తిరుగుతోంది. కొత్త బిట్ కొన్నా ఇది పోదు.

ఇక 500 వాట్లు. అడాప్టర్ తిప్పి స్టిక్కర్ చూడండి: 24 వోల్టులు, 5 ఆంపియర్లు. గుణిస్తే 120 వాట్లు. మోటార్లన్నిటికీ కలిపి గోడనుంచి వచ్చేదే 120 అయితే స్పిండిల్ ఒక్కదానికి 500 ఎక్కణ్ణుంచి తెస్తారు? ఇది విప్పకుండానే, ఫొటోలోనే పట్టుకోవచ్చు. నేను పట్టుకోలేదు.

వెనక్కి తీసుకోమంటే ‘‘బాక్స్ ఓపెన్ చేశారు, రిటర్న్ లేదు’’ అన్నారు. తర్వాత స్ప్రింగ్ నట్టు పంపిస్తాం, 900 కట్టమన్నారు. చెప్పిన గుణం సరుకులో లేకపోతే వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. ప్రకటన స్క్రీన్‌షాట్, అడాప్టర్ స్టిక్కర్, రెండు గీతల ఫొటో పెట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. మర్నాడే వాళ్ల ప్రకటనలో ‘500 వాట్లు’ మాయమైంది. నా దగ్గర పాత స్క్రీన్‌షాట్ ఉండబట్టి సరిపోయింది, మీరు మాత్రం ఆర్డరు పెట్టేముందే పేజీ మొత్తం ఫొటో తీసిపెట్టుకోండి, పార్శిల్ విప్పేటప్పుడు వీడియో ఆపకండి.

3018లన్నీ చెత్త అనడం లేదు. తెలిసినాయన దగ్గర ఇలాంటిదే ఉంది, స్ప్రింగ్ నట్లు, మంచి బిట్లు వేసి చక్కటి పళ్లేలు తీస్తున్నాడు, ఓపిక కావాలంతే. కానీ కొనేముందు మీ పేరు కాగితంమీద రాయించి పక్కన పెట్టించి ఒక గుండ్రటి గుంట చెక్కే వీడియో అడగండి, శాండ్‌పేపర్ తగలకముందే దగ్గరగా చూపించమనండి. నాకు పంపిన వీడియోలో గుంట చివర్లోనే కనపడింది, అప్పటికే పాలిష్ కూడా అయిపోయింది.

అడ్వాన్సు తీసుకున్న మూడు పీటలూ బాబాయి గుండ్రటి ఉలితో తవ్వుతున్నాడు. రెండు అయ్యాయి. మూడోదానికి గీతలు నేనే గీస్తున్నాను, కంపాస్‌తో.