నర్సుల ప్రశ్నావళిని తెలుగు చేయించిన అనుభవం

నర్సింగ్‌లో డిగ్రీ చేసి, కొన్నేళ్లు వార్డులో పనిచేసి, ఆ తర్వాత ఎంబీఏ పూర్తిచేసిన నేను ప్రస్తుతం హైదరాబాదులో సంస్థాగత ప్రవర్తన అంశంపై పీహెచ్‌డీ చేస్తున్నాను. వార్డులో జరిగిన పొరపాటును నర్సు భయపడకుండా పైకి చెప్పగలుగుతోందా అన్నది నా పరిశోధన ప్రశ్న. దీన్ని కొలవడానికి పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లో ప్రచురించిన 7 వాక్యాల కొలమానాన్ని (ఒక్కో వాక్యంతో ఎంతవరకు ఏకీభవిస్తారో అడిగి మార్కులు వేసే ప్రశ్నావళిని) ఎంచుకుని, తెలుగు చేయించడానికి హిమాయత్‌నగర్‌లోని ఒక అనువాద సంస్థకు వెళ్లాను.

తొలి ప్రతి వారం లోపే చేతికి వచ్చింది. అచ్చుతప్పు ఒక్కటీ లేదు, వాక్యాలు చదవడానికి హాయిగా ఉన్నాయి. చిక్కు ఆ హాయిలోనే ఉంది. మూలంలోని 7 వాక్యాల్లో 3 వ్యతిరేకార్థంలో ఉంటాయి, వాటికి మార్కులు తిరగేసి లెక్కించాలి, అంటే ఎంత ఎక్కువ ఏకీభవిస్తే అంత తక్కువ మార్కు. తోటివారిని సాయం అడగడం కష్టమన్న భావం గల వాక్యాన్ని అనువాదకులు సాఫీగా ఉంటుందని 'సాయం అడగవచ్చు' అని మార్చేశారు. నేను గమనించకుండా లెక్క కట్టి ఉంటే, ఆ వాక్యం వరకు ఎంతో ధైర్యంగా ఉన్న వార్డు కూడా భయపడుతున్న వార్డులా కనిపించేది.

ఇలాంటివి పట్టుకోవడానికే తిరుగు అనువాదం చేయిస్తారు. పరిశోధకుడు రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వివరించిన ఈ పద్ధతిలో, మూలాన్ని చూడని మరొకరు తెలుగు ప్రతిని తిరిగి ఇంగ్లీషులోకి తేవాలి, దాన్ని మూలంతో పోల్చి చూడాలి. ఈ సంస్థ ఆ పనిని కూడా మొదటి అనువాదకుడికే అప్పగించింది. మూలం జ్ఞాపకం ఉన్న మనిషి ఆ జ్ఞాపకాన్నే తిరిగి రాస్తాడు కాబట్టి తప్పు బయటపడలేదు. ఇది చిన్న లోపం కాదు, ఈ సేవలో నాకు కనిపించిన అతి పెద్ద లోపం ఇదే. అయితే విషయం వివరించగానే నిర్వాహకురాలు వాదించకుండా, అదనపు రుసుము అడగకుండా, వేరొకరి చేత మళ్లీ చేయించారు. వ్యతిరేకార్థంలో ఉన్న మూడు వాక్యాలూ ఈసారి సరిగా వచ్చాయి.

పొరపాటును మనసులో పెట్టుకోవడం గురించిన వాక్యానికి వాళ్లు రాసిన తెలుగు నాకు బాగా నచ్చింది: 'ఈ వార్డులో ఒకసారి తప్పు చేస్తే, దాన్ని మనసులో పెట్టుకుని తర్వాత ఎత్తిపొడుస్తుంటారు.' డ్యూటీ ముగించుకుని వచ్చిన నర్సులకు చదివి వినిపిస్తే ఎవరూ అర్థం అడగలేదు.

కొలమానంలోని మరో వాక్యంలో ఉన్న 'రిస్క్' అనే మాట దగ్గర మాత్రం సంస్థ సాయం చేయలేకపోయింది. ఈ బృందంలో రిస్క్ తీసుకోవడం క్షేమమేనా అని అడిగితే, రోగి ప్రాణంతో రిస్క్ ఎందుకు తీసుకుంటామని ఒక సీనియర్ నర్సు నన్నే నిలదీశారు. ఆమె అన్నది నిజం. ఎడ్మండ్‌సన్ 51 బృందాలను పరిశీలించింది ఒక తయారీ కంపెనీలో, అక్కడ ఆ మాటకు ఇంత బరువు ఉండకపోవచ్చు. చివరికి మా గైడ్‌తో చర్చించి, 'తెలియని విషయం తెలియదని చెప్పినా, కొత్త సూచన చేసినా ఇక్కడ ఇబ్బంది రాదు' అని నేనే రాసుకున్నాను.

పరిశోధన కోసం వెళ్లేవారు ఇద్దరు వేర్వేరు అనువాదకులు కావాలనీ, ఏ వాక్యాలు తిరగబడి ఉన్నాయో వారికి ముందే చెప్పాలనీ కాగితం మీద రాయించుకోండి. ఆ షరతు మీద అయితే నేను ఉర్దూ ప్రతిని కూడా వీరికే ఇస్తాను.