ఒకే ర్యాక్‌లో స్టీల్ గిటార్, ఫిడేల్: ఎమ్-వన్నా, జీ-మేజరా?

రెండూ టీసీ ఎలక్ట్రానిక్ కంపెనీవే, వాయిద్యం శబ్దానికి ఎఫెక్ట్‌లు కలిపే ర్యాక్ (పరికరాలు బిగించే చట్రం) యూనిట్లు. జీ-మేజర్ గిటారిస్టుల కోసం చేసింది: కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గులను సమం చేసేది), కోరస్ (ఒకే స్వరాన్ని అనేకంలా వినిపించేది), డిలే (స్వరాన్ని ఆలస్యంగా మళ్లీ వినిపించేది), రివర్బ్ (గది ప్రతిధ్వని) ఒకే వరసలో నడుస్తాయి, మిడి పెడల్‌తో (డిజిటల్ సంకేతాలు పంపే కాలి స్విచ్) ప్రీసెట్లు, అంటే ముందే దాచుకున్న సెట్టింగులు, మార్చుకోవచ్చు. స్టీల్ గిటార్ ఒక్కటే వాయించేవారికి నేను దీన్నే చెబుతాను.

ఫిడేల్ కూడా ఉంటే లెక్క మారుతుంది. ఎమ్-వన్‌లో రెండు ఇంజిన్లు, అంటే ఎఫెక్ట్ తయారుచేసే రెండు విడి భాగాలు, ఉంటాయి. ఎడమ ఇన్‌పుట్ ఒకదానికి, కుడి ఇన్‌పుట్ రెండోదానికి వెళ్లేలా పెట్టుకుంటే స్టీల్‌కి డిలే, ఫిడేల్‌కి రివర్బ్ విడివిడిగా వస్తాయి. పాట మధ్యలో వాయిద్యం మార్చేటప్పుడు ప్రీసెట్ టెన్షన్ ఉండదు. అయితే ఒక్కో వాయిద్యానికి ఒకే ఎఫెక్ట్ దక్కుతుంది. ఫిడేల్‌కి అది చాలు. ఫిడేల్ కంపనాలను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పియెజో పికప్ కరుకుదనాన్ని చిన్న రివర్బ్ కొంత కప్పుతుంది, అంతకు మించి వేస్తే విల్లు కదలిక మసకబారుతుంది.

ఏది కొన్నా పికప్‌ని నేరుగా గుచ్చకండి. ముందు ప్రీఆంప్ (పికప్ బలహీన సిగ్నల్‌ని పెంచే పెట్టె) ఉండాలి, పియెజోకైతే ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే విద్యుత్ నిరోధం) 1 మెగాఓమ్ లేదా అంతకంటే ఎక్కువ ఉన్నది మంచిది. స్టీల్ వాల్యూమ్ పెడల్ డిలేకి ముందే ఉండాలి. తర్వాత పెడితే పెడల్ వదిలినప్పుడల్లా డిలే మిగిల్చే ఆ తీయని ప్రతిధ్వని తోక తెగిపోతుంది.

రెండు వాయిద్యాలూ వాయించేవారికి నా ఓటు ఎమ్-వన్‌కే.